మూడున్నరేళ్ళుగా హాల్లోనే గోల్ఫ్ పట్టింగ్, చిప్పింగ్: ఏది పనికొచ్చింది, ఏది చెయ్యి పాడుచేసింది

2021 ఆగస్టు 7న తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచి టోక్యో ఒలింపిక్స్‌లో అదితి అశోక్ గోల్ఫ్ ఆట చూశాను. మన బెంగళూరు అమ్మాయి. వాళ్ళమ్మే గోల్ఫ్ కర్రల బ్యాగ్ మోస్తోంది. బంతిని దూరం కొట్టడంలో చాలామంది కంటే వెనకబడి కూడా, పట్టర్ (బంతిని నేల మీద దొర్లించి హోల్‌లో వేసే కర్ర) అండతో చివరిదాకా పతకం పోటీలో ఉండి, ఒకే ఒక్క స్ట్రోక్ (దెబ్బ) తేడాతో కాంస్యం చేజారి నాలుగో స్థానంలో నిలిచింది. నేను అప్పటికి రెండేళ్ళుగా ఆడుతున్నాను, ప్రతి రౌండ్‌లోనూ గ్రీన్ (హోల్ చుట్టూ పొట్టిగా కత్తిరించిన గడ్డి) దగ్గరికి వచ్చాకే స్కోరు పాడయ్యేది. ఆ వారంలోనే మొదటి పట్టింగ్ మ్యాట్ ఆర్డర్ పెట్టాను.

మాది సీవీ రామన్ నగర్‌లో రెండు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. డొమ్లూరు వైపున్న గోల్ఫ్ కోర్సు మ్యాప్‌లో చూస్తే పక్కనే ఉన్నట్టుంటుంది, కానీ ఆఫీసు వదిలే వేళకి సురంజన్ దాస్ రోడ్డు దాటడానికే ప్రాణం పోతుంది, పైగా నాకు సభ్యత్వం లేదు, స్నేహితురాలితో అతిథిగా వెళ్ళాలి. కాబట్టి మామూలు రోజుల్లో నా ప్రాక్టీస్ అంతా ఇంట్లోనే. హాల్లో సోఫా పక్క నుంచి బెడ్‌రూమ్ తలుపు దాకా 14 అడుగుల ఖాళీ ఉంది. మొదట కొన్నవి ఇవి: 10 అడుగుల మ్యాట్, చివర్లో చిన్న వాలు, హోల్, బంతి వెనక్కి దొర్లి వచ్చే ప్లాస్టిక్ కాలువ ఉన్న రకం, 3,200 రూపాయలు, చిప్పింగ్‌కి (గ్రీన్ బయట నుంచి బంతిని కాస్త లేపి గ్రీన్ మీద దింపడానికి) మడిచి పెట్టుకునే నెట్ 1,900, ఒక డజను ఫోమ్ బంతులు, నిలబడి చిప్ చేయడానికి అడుగున్నర చదరపు పచ్చ మ్యాట్ ముక్క. మూడున్నరేళ్ళ తర్వాత వీటిలో కొన్నది కొన్నట్టుగా పనిచేస్తున్నది ఫోమ్ బంతులే, అదీ సగమే. ఎందుకో చెబుతాను.

ముందుగా వాలు ఉన్న మ్యాట్ గురించి, ఎందుకంటే కొత్తగా కొనేవాళ్ళందరూ అదే కొంటారు. బంతి దానంతటదే వెనక్కి వస్తుంది కదా, వంగక్కర్లేదు అనుకుంటాం. నేనూ అలాగే కొన్నాను, ఎనిమిది నెలలు రోజూ వంద పట్‌లు వేశాను, ఇంట్లో పదికి తొమ్మిది పడేవి. కోర్సుకి వెళ్తే ప్రతి పట్ హోల్ దాటి రెండడుగులు, మూడడుగులు పోయేది. కంగారు వల్లనేమో అనుకున్నాను, పట్టర్ బరువేమో అనుకుని ఒకటి మార్చాను కూడా. అసలు కారణం ఆ వాలే. మా మ్యాట్ చివర హోల్ నేలకి సుమారు 4 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తు ఎక్కడానికి సరిపడే వేగం ఇస్తే, మామూలు వేగమున్న చదును గ్రీన్ మీద అదే బంతి హోల్ దాటి ఒకటిన్నర, రెండు అడుగులు పోతుంది. అంటే నేను ఎనిమిది నెలలపాటు, రోజుకి వందసార్లు, గట్టిగా కొట్టడమే నేర్చుకున్నాను. వేగంగా వచ్చిన బంతికి హోల్ చిన్నదైపోతుంది కూడా. నెమ్మదిగా వస్తే అంచు తగిలినా లోపలికి జారేది, వేగంగా వస్తే అంచు మీద తిరిగి బయటికి పోతుంది. నా చెయ్యి మళ్ళీ మామూలు స్థితికి రావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

ఆ ప్లాస్టిక్ కాలువ ఏడాది తిరక్కుండానే మధ్యలో పగిలింది. అమ్మిన కంపెనీకి ఫోటోలతో మూడుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. పగిలాక వాలు ముక్క మొత్తం కత్తిరించేసి, చదునుగా మిగిలిన తొమ్మిదడుగులు వాడటం మొదలుపెట్టాను. అప్పటి నుంచే నాకు లాభం కనబడింది. హోల్ బదులు ఐదు రూపాయల నాణెం పెడతాను, బంతి నాణెం మీదుగా వెళ్ళి దాటాక ఒక అడుగులోపు ఆగాలి. అంతే లెక్క. వెనక్కి రాని బంతుల్ని నడిచి వెళ్ళి తెచ్చుకోవాలి, ఆ నడక వల్ల ప్రతి పట్‌కీ కొత్తగా నిలబడటం, కొత్తగా గురి చూసుకోవడం అలవాటైంది. దీన్ని నేను చాలా గట్టిగా చెబుతాను: వాలు ఉన్నది కొనకండి, ఇప్పటికే కొనుంటే వాలు తీసేయండి.

ఇక దిశ. ఇంట్లో నేర్చుకోగలిగిన వాటిలో అన్నిటికంటే విలువైనది ఇదే. దీనికి అయిన ఖర్చు ఎస్పీ రోడ్డులో కొన్న మీటరు స్టీల్ స్కేలు ఖరీదు మాత్రమే. స్కేలుని మ్యాట్ మీద పెట్టి రెండు కొసల్లో టేపు అంటించి, ఒక కొసలో బంతి ఉంచి, అటు కొస దాకా కింద పడకుండా దొర్లించాలి. మొదటి రోజు ఇరవైలో ఆరు నిలబడ్డాయి. నా స్కేలు వెడల్పు 3 సెంటీమీటర్లు, అంటే మధ్యనుంచి అటూ ఇటూ ఒకటిన్నర. మీటరు దూరంలో ఒకటిన్నర సెంటీమీటర్ల తేడా అంటే ఒక డిగ్రీ కంటే కాస్త తక్కువ. గోల్ఫ్ హోల్ వ్యాసం 108 మిల్లీమీటర్లు, అందులో సగం 5.4 సెంటీమీటర్లు, 10 అడుగుల నుంచి కొట్టినప్పుడు ఒక డిగ్రీ తేడా వస్తే బంతి మధ్య నుంచి 5.3 సెంటీమీటర్లు పక్కకి పోతుంది. రెండూ కలిపి చూడండి. స్కేలు మీద చివరిదాకా నిలబడిన బంతి, చదునైన నేల మీద సరైన వేగంతో వెళ్తే, 10 అడుగుల నుంచి హోల్‌లో పడాల్సిన బంతే. ఈ లెక్క కాగితం మీద వేసుకున్న రోజు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది, ఎందుకంటే అప్పటిదాకా ఎంత బాగా కొడితే చాలు అన్నది నాకు తెలియదు. ఇప్పుడు ఇరవైలో పదహారు పదిహేడు నిలబడతాయి. ప్రపంచంలోని మేటి ప్రొఫెషనల్స్ కూడా ఎనిమిది అడుగుల నుంచి సుమారు సగమే వేస్తారు కాబట్టి, కోర్సు మీద ఆ దూరం నుంచి తప్పినప్పుడు ఇప్పుడు నేను కుంగిపోను.

అయితే మధ్యలో ఒక రెండు నెలలు పిచ్చెక్కిపోయింది. స్కేలు మీద సరిగ్గా వెళ్ళిన బంతి కూడా మ్యాట్ మీదకి దిగాక ఎడమకి పోయేది. పట్టర్ ముఖం ఎడమకి తిరుగుతోందని, భుజాలు తిరుగుతున్నాయని, ఏవేవో మార్చాను. ఆ సంక్రాంతికి నాన్న అనంతపురం నుంచి వచ్చారు. ఆయన జీవితమంతా మేస్త్రీలతో పని చేయించిన మనిషి. కుర్చీలో కూర్చుని పది నిమిషాలు చూసి, “పాపా, నీ కొట్టుడులో తప్పేం లేదు, నేల వాటమే బాల్కనీ వైపు ఉంది” అన్నారు. పక్క వీధిలో ఇల్లు కడుతున్న చోటికి వెళ్ళి రసమట్టం అడిగి తెచ్చి చూపించారు. నిజమే, నీళ్ళు పోవడానికి ఇచ్చిన వాటం హాలు సగం దాకా ఉంది. మ్యాట్‌ని నిలువుగా కాకుండా బెడ్‌రూమ్ తలుపు వైపు కాస్త ఐమూలగా తిప్పేసరికి తేడా చాలావరకు పోయింది, మిగిలిన కాస్తకీ మ్యాట్ కింద ఒక వైపు నాలుగు మడతల పాత పేపర్లు పెట్టాం. మీ ఇంట్లో కూడా మ్యాట్ పరిచే ముందు ఈ పని చేయండి. రసమట్టం లేకపోతే బంతిని నేల మీద మెల్లగా వదిలి నాలుగు వైపులా చూడండి. నేల ఒంపుని చేతి తప్పు అనుకుని స్ట్రోక్ మార్చుకోవడం కంటే నష్టం ఇంకోటి లేదు.

మ్యాట్ వేగం విషయం. గ్రీన్ వేగాన్ని కొలిచే స్టింప్‌మీటర్ అనేది నిజానికి చాలా సులువైన సాధనం. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే ఆయన తయారుచేశాడు. మూడడుగుల గాడి పట్టీలో, కింది కొస నుంచి 30 అంగుళాల దగ్గర బంతిని పెట్టి పట్టీ పై కొసని మెల్లగా లేపితే, సుమారు 20 డిగ్రీల దగ్గర బంతి జారి దొర్లుతుంది. ఎన్ని అడుగులు దొర్లిందో అదే గ్రీన్ వేగం. ఇంట్లో చిక్కేమిటంటే మ్యాట్ తొమ్మిదడుగులే, బంతి మ్యాట్ దాటి టైల్స్ మీదకి పోతుంది. 2013లో యు.ఎస్.జి.ఎ. (అమెరికా గోల్ఫ్ సంఘం) తెచ్చిన కొత్త స్టింప్‌మీటర్‌లో దీనికీ దారి ఉంది, రెండో వైపు ఇంకో గుంట ఉంటుంది, అక్కడి నుంచి వదిలితే సగం దూరమే దొర్లుతుంది, వచ్చినదాన్ని రెట్టింపు చేసుకోవాలి. అదే పద్ధతిలో నేను హార్డ్‌వేర్ షాపులో కొన్న అల్యూమినియం యాంగిల్ ముక్కతో, పుస్తకాల దొంతర మీద ఒకే ఎత్తున పెట్టి, 15 అంగుళాల దగ్గర నుంచి వదిలాను. అసలు సాధనానికి ఇది సమానం కాదు, కానీ అదే ముక్కని బ్యాగ్‌లో పెట్టుకుని వెళ్ళి ప్రాక్టీస్ గ్రీన్ మీద కూడా వదిలి చూశాను, పోల్చడానికి చాలు. మా మ్యాట్ ఆ గ్రీన్ కంటే బాగా వేగం, రెట్టింపు చేస్తే రెండడుగుల తేడా. పైగా మ్యాట్‌కి నూగు ఉంటుంది, నూగు వాలిన వైపు కొడితే వేగం, ఎదురుగా కొడితే నెమ్మది, రెంటికీ ఒకటిన్నర అడుగు తేడా వచ్చింది. ఇప్పుడు నూగుకి ఎదురుగానే కొడతాను, ప్రాక్టీస్ గ్రీన్‌కి అదే దగ్గర.

మ్యాట్ సంరక్షణ గురించి కూడా రెండు మాటలు. చుట్టి వచ్చిన మడతలు మూడు వారాలైనా పోలేదు, మే నెల ఎండలో మేడ మీద తిరగేసి గంట పరిచి, వెంటనే తెచ్చి అంచుల మీద బియ్యం సంచులు పెడితే పోయాయి. వానాకాలంలో కింద రబ్బరు చెమ్మ పట్టి వాసన వచ్చింది, లేత రంగు టైల్స్ మీద పసుపు మరక మిగిలిపోయింది, అది ఇప్పటికీ పోలేదు. అద్దె ఇంట్లో ఉండేవాళ్ళు కింద పాత దుప్పటి వేసుకుని పరవండి, రాత్రికి చుట్టేయండి.

చిప్పింగ్‌కి వస్తే నా అనుభవం అంత బాగాలేదు. పచ్చ మ్యాట్ ముక్క మీద చిప్ చేస్తే ప్రతి బంతీ బ్రహ్మాండంగా లేస్తుంది. క్లబ్ (కొట్టే కర్ర) బంతికి రెండంగుళాల వెనక తగిలినా కింద గట్టి రబ్బరు కాబట్టి వెడ్జ్ (బంతిని పైకి లేపే క్లబ్) అడుగు జారి బంతిని తాకుతుంది, చేతికి తేడా తెలియదు. గడ్డి మీద అదే దెబ్బకి క్లబ్ నేలలో దిగబడిపోయి బంతి మూడడుగులు కదులుతుంది. ఒక నెల రోజులు కోర్సు మీద నాకు సరిగ్గా అదే జరిగింది. నా చిప్పింగ్ బాగుందని నమ్మి, ఎండ మీద, గడ్డి మీద, బంతి మీద తప్పు వేశాను. తర్వాత చిన్న టవల్‌ని మడిచి బంతికి నాలుగు వేళ్ళ వెనక పెట్టడం మొదలుపెట్టాను, క్లబ్ టవల్‌ని తాకిందంటే ఆ షాట్ లెక్కలోకి రాదు, బంతి ఎంత అందంగా లేచినా సరే. మ్యాట్ ముక్క తీసేసి మందమైన కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ వేశాను. వెనక తగిలితే పీచు పట్టుకుని లాగుతుంది, చేతికి వెంటనే తెలుస్తుంది. చిప్పింగ్ కోసం ఇంట్లో పెట్టిన డబ్బులో దీనికంటే మంచి ఖర్చు లేదు.

ఫోమ్ బంతులు సగమే పనికొస్తాయి అన్నాను కదా. బంతి ఎక్కడ దిగాలో చూసుకుని కొట్టడానికి అవి చాలు. హాలు మధ్యలో ప్లేటంత గుడ్డ పరిచి దాని మీద దింపడం నా రోజువారీ పని. కానీ బరువు లేదు, దెబ్బ తగిలిన తీరు తెలియదు. అసలు బంతి సుమారు 46 గ్రాములు ఉంటుంది, ఆ బరువు చేతికి తెలియాలి. దానికి నెట్ కొన్నాను, నెట్ నుంచి బంతి ఎగిరి టైల్స్ మీద పడి ఠంగుమని మోగేది. ఒక రోజు రాత్రి పదింటికి కింద ఫ్లాట్ ఆంటీ పైకి వచ్చి, వాళ్ళాయనకి గుండె ఆపరేషన్ అయిందని, నిద్రపట్టడం లేదని చెప్పారు. ఆ మాట విని చాలా బాధపడ్డాను. నెట్ ఆ రాత్రే మడిచేశాను. అమ్మ కుట్టిన పాత చీరల బొంత ఒకటి ఉంది, దాన్ని బాల్కనీ తీగ మీద వేలాడదీసి కింద ఇంకో దుప్పటి పరిచాను. ఆరడుగుల దూరం నుంచి అసలు బంతిని నడుము ఎత్తుకి మించకుండా చిప్ చేస్తే బొంతకి తగిలి చప్పుడు లేకుండా అక్కడే రాలుతుంది. అదీ సాయంత్రం ఏడులోపే. చిప్పింగ్‌కి తొమ్మిదో నంబర్ ఐరన్, పిచింగ్ వెడ్జ్ అనే క్లబ్‌లు తప్ప ఇంట్లో ఇంకేదీ వాడను. బంతిని ఇంకా ఎత్తుకి లేపే 56 డిగ్రీల వెడ్జ్‌తో ఒకసారి ఫ్యాన్ రెక్క వంగింది, ఇంకోసారి క్లబ్ కొస తగిలి టైల్ అంచు ఊడింది.

లెక్కలు అడిగేవాళ్ళ కోసం: నా నోట్‌బుక్‌లో 2021 చివర్లో 18 హోల్స్‌కి సగటున 40 పట్‌లు ఉన్నాయి, మూడు పట్‌లు పట్టిన గ్రీన్‌లు ఏడు దాకా. గత ఆరు నెలల్లో 34, మూడు పట్‌ల గ్రీన్‌లు రెండో మూడో. ఈ మెరుగు ఎక్కువగా ఐదారడుగుల్లోపు వచ్చింది. ముప్పై అడుగుల నుంచి మొదటి పట్‌ని హోల్ దగ్గరికి చేర్చడం మాత్రం ఇంట్లో రాలేదు, రాదు కూడా, 14 అడుగుల హాల్లో అది ఎలా నేర్చుకుంటాం? గ్రీన్ ఒంపు చదవడం కూడా అంతే. వాటి కోసం శనివారం పొద్దున్నే స్నేహితురాలితో వెళ్ళి, ఆటకి ముందు 40 నిమిషాలు ప్రాక్టీస్ గ్రీన్ మీద దూరం పట్‌లే వేస్తాను. దగ్గర పట్‌లు అక్కడ ఒక్కటి కూడా వేయను, అవి ఇంట్లో అయిపోయి ఉంటాయి.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు అడిగితే నేను చెప్పేది మీటరు స్టీల్ స్కేలు, చదునైన సన్న నూగు మ్యాట్, పీచు డోర్‌మ్యాట్, టవల్, బొంత. నెట్ వద్దు. నా మ్యాట్ కాళ్ళు పెట్టే చోట అరిగిపోయి రబ్బరు బయటపడింది, వచ్చే నెల కొత్తది కొంటున్నాను, ఈసారి 12 అడుగులది. నాన్నకి ఫోన్ చేసి చెబితే, పరిచే ముందు రసమట్టం పెట్టి చూడమన్నారు.