ఫోర్ట్ కొచ్చి మూడు రోజులు: టికెట్లు తీసేముందు వారం చూసుకోండి

మొన్న పిల్లల సెలవులు కలిసొస్తే శుక్రవారం పొద్దున వెళ్ళి ఆదివారం రాత్రికి తిరిగొచ్చేలా కొచ్చి ప్లాన్ చేశాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, మా అమ్మ. అమ్మకి అరవై ఎనిమిది, మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ నడవలేదు, మెట్లంటే అసలు పడదు. మా ఊరు బందరు, ఇప్పుడు ఉండేది హైదరాబాద్. ఇంట్లో పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు ఉన్నవాళ్ళకి పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నా.

అన్నిటికన్నా ముందు చెప్పాల్సింది వారాల సంగతి. మట్టాంచేరి ప్యాలెస్ శుక్రవారం మూసేస్తారు. పరదేశి సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, శనివారం మూసేస్తారు, శుక్రవారం మధ్యాహ్నం తర్వాత కూడా ఉండదు. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో ఆదివారం పొద్దున ప్రార్థనలు జరుగుతుంటాయి, అప్పుడు తిరిగి చూడటం కుదరదు. అంటే మనలాంటి ఉద్యోగస్తులు వెళ్ళే శుక్ర శని ఆదివారాల్లో రోజుకొకటి మూసే ఉంటుందన్నమాట. మాకిది తెలీదు. ఎయిర్‌పోర్ట్ నుంచి వచ్చి, గదిలో సామాను పడేసి, అన్నం తిని, ఎండలో అమ్మని ఆటో ఎక్కించుకుని ప్యాలెస్ గేటు దాకా వెళ్తే తాళం. అమ్మ ఆ గోడ నీడలోనే ఓ పావుగంట కూర్చుండిపోయింది, నాకు చాలా బాధేసింది. లీవు దొరికితే ఆదివారం మధ్యాహ్నానికి దిగి మంగళవారం రాత్రికి బయల్దేరేలా పెట్టుకోండి, అన్నీ చూడొచ్చు.

బస గురించి. నీళ్ళకి అవతలి వైపున్న ఎర్నాకుళంలో పెద్ద హోటళ్ళు, లిఫ్టులు, షాపింగ్ అన్నీ ఉంటాయి కానీ చూడాల్సినవన్నీ ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరిలోనే ఉన్నాయి, రోజూ నీళ్ళు దాటి రావాలి, పిల్లలు మధ్యాహ్నం అలిసిపోతే గదికి తీసుకెళ్ళి పడుకోబెట్టే వీలుండదు. అందుకే మేం ఫోర్ట్ కొచ్చిలోనే హోమ్‌స్టే తీసుకున్నాం, రెండు గదులు, ఒక్కోటి 2,800. ఫోన్లో గ్రౌండ్ ఫ్లోర్ అని రెండుసార్లు చెప్పి బుక్ చేస్తే తీరా వెళ్ళాక ఒక గది పైన ఇచ్చారు, నిటారుగా ఉన్న చెక్క మెట్లు, చెయ్యి పట్టుకోడానికి కడ్డీ కూడా లేదు. కింద గది అమ్మకీ పిల్లలకీ ఇచ్చి మేం పైకెక్కాం. ఇక్కడ చాలా ఇళ్ళు పాతకాలంవి, మెట్లు అలానే ఉంటాయి, కాబట్టి మాట మీద వదిలేయకుండా గ్రౌండ్ ఫ్లోర్ అని మెసేజ్‌లో రాయించుకోండి, బాత్‌రూమ్ ఫోటో కూడా అడగండి. టిఫిన్ మాత్రం వాళ్ళింట్లోనే చేసి పెట్టారు, పుట్టు, శనగల కూర, అప్పం, స్ట్యూ, అమ్మ ఇష్టంగా తినింది.

భోజనం దగ్గరే అమ్మకి కష్టమైంది. అక్కడి మట్ట బియ్యం ఎర్రగా లావుగా ఉంటాయి, మనకి ముద్ద కలవదు. తెల్లన్నం కావాలని ముందే చెబితే చాలాచోట్ల పెడతారు. అరటాకులో చుట్టి కాల్చిన కరిమీన్ మాత్రం మేం రెండు పూటలు తిన్నాం, బందరు వాళ్ళం కదా చేపల విషయంలో తొందరగా ఒప్పుకోం, ఇది ఒప్పుకున్నాం. సాయంత్రం ఒడ్డున చేపలు పట్టే చైనా వలల దగ్గర రోడ్డు మీద చేపలు అమ్ముతారు, కొనుక్కుంటే పక్కనే వండిస్తామంటారు, అక్కడ చేప ధరా వంట ధరా రెండూ ముందే మాట్లాడుకోవాలి.

చైనా వలలు ఫోటోల్లో చూసి ఊరుకునేవి కావండి. దగ్గరికెళ్ళి ఓ అరగంట నిలబడాలి. పెద్ద పెద్ద దుంగలకి వల కట్టి ఉంటుంది, వెనక తాళ్ళకి వరసగా బండరాళ్ళు వేలాడుతుంటాయి, అవి బరువు. వల లేపేటప్పుడు నలుగురైదుగురు తాడు పట్టుకుని పదం అందుకుని ఒక్కసారి లాగుతారు, రాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి కిందికి దిగుతుంటే వల నీళ్ళోంచి పైకొస్తుంది. మా చిన్నాడ్ని పిలిచి తాడు చేతికిచ్చారు, వాడు పళ్ళు బిగపట్టి లాగాడు. పడింది ఓ రెండు గుప్పెళ్ళ చేపలు. ఇలా పిలిచాక డబ్బులు ఇవ్వాలి, అడుగుతారు కూడా, మేం వంద ఇచ్చాం, ఆ కష్టం కళ్ళారా చూశాక ఇవ్వబుద్ధేసింది.

శనివారం అమ్మ ఉపవాసం, వెంకటేశ్వరస్వామి వారం. మట్టాంచేరి చెర్లాయిలో తిరుమల దేవస్వం అని ఉంది, అక్కడా మన స్వామే. పోర్చుగీసు వాళ్ళ బాధ పడలేక గోవా నుంచి వచ్చేసిన కొంకణి వాళ్ళ గుడి అది. పొద్దున్నే వెళ్ళాం, అమ్మ ముఖం వెలిగిపోయింది, శుక్రవారం బాధంతా అక్కడ మర్చిపోయింది. తర్వాత సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి. 1524లో వాస్కో డ గామా కొచ్చిలోనే చనిపోతే ముందు ఇక్కడే పూడ్చి, తర్వాత అవశేషాల్ని పోర్చుగల్ తీసుకెళ్ళారు. లోపల పైనుంచి వేలాడే గుడ్డ విసనకర్రలు ఇంకా ఉన్నాయి, బయట నిలబడి తాడు లాగేవాళ్ళట.

దగ్గర్లోనే డచ్ వాళ్ళ సమాధుల తోట ఉంది. గేటు బయట నుంచే చూశాం కానీ నాకు మనసు ఎక్కడికో పోయింది. మా బందరులోనూ డచ్ సమాధులున్నాయి, డచ్ వాళ్ళు, ఇంగ్లీషు వాళ్ళు 17వ శతాబ్దం మొదట్లోనే మా ఊరొచ్చి వ్యాపారం చేశారు, 1864 తుఫాను ఊరిని ముంచేసింది. కొచ్చిలో పాత గోదాముల్ని బాగుచేసి హోటళ్ళు, బొమ్మల ప్రదర్శనలు పెట్టుకున్నారు, ఊరంతా దాని మీద బతుకుతోంది. బందరు కోటకి ఒక చుట్టం వస్తే కూర్చోబెట్టి చూపించడానికి సరైన బోర్డు కూడా లేదు. ఇది ఎవరైనా పట్టించుకుంటే బాగుండు.

శనివారం సాయంత్రం కథకళి. ఆట కన్నా గంట ముందు వెళ్ళండి, వేషం వేసుకోవడం చూడనిస్తారు. నేల మీద వెల్లకిలా పడుకున్న మనిషి చెంపల వెంట బియ్యప్పిండి ముద్దతో తెల్లటి అంచు కడుతుంటే మా పాప కదలకుండా కూర్చుంది. కళ్ళు ఎర్రబడటానికి రెప్ప కింద చిన్న గింజ పెట్టుకుంటారు. కూచిపూడి చూసి పెరిగిన అమ్మకి కళ్ళ అభినయం బాగా నచ్చింది.

ఆదివారం ప్యాలెస్, సినగాగ్ రెండూ పక్కపక్కనే కాబట్టి ఒక్క పూటలో అయిపోయాయి. ప్యాలెస్‌ని డచ్ ప్యాలెస్ అంటారు గానీ 1555 ప్రాంతంలో పోర్చుగీసు వాళ్ళు కట్టి రాజుకిచ్చారు, డచ్ వాళ్ళు తర్వాత బాగుచేశారంతే. గోడల మీద రామాయణం చిత్రాలు, అమ్మ ఒక్కో ఘట్టం పిల్లలకి చెప్పింది. సినగాగ్ 1568 నాటిది, నేలంతా చైనా నుంచి తెప్పించిన నీలం పలకలు, చేత్తో గీసినవి, ఏ రెండూ ఒకేలా ఉండవంటారు. పిల్లలు జోడీ దొరుకుతుందేమోనని వంగి వంగి వెతికారు, దొరకలేదు. చెప్పులు బయట విడవాలి. ఆ వీధిలో సుగంధ ద్రవ్యాల కొట్లకి ఆటోవాళ్ళు తీసుకెళ్తామంటే వద్దనండి, కమిషన్ ఉంటుంది, మేం రెండో కొట్లో యాలకులు చాలా తక్కువకి కొన్నాం.

నీళ్ళ మీద ప్రయాణం తప్పకుండా చెయ్యండి. ఎర్నాకుళం హైకోర్టు దగ్గర నుంచి ఫోర్ట్ కొచ్చికి వాటర్ మెట్రో ఉంది, కరెంటు బోటు, ఏసీ, అమ్మకి ఎక్కడం దిగడం ఇబ్బంది కాలేదు. ప్రభుత్వ పాత బోటు ఇంకా చవక, గాలి బాగా వస్తుంది, కానీ ఎక్కేటప్పుడు అంచు ఊగుతుంది, పెద్దవాళ్ళకి వద్దు.

ఎయిర్‌పోర్ట్ నెడుంబస్సేరిలో ఉంది, నలభై కిలోమీటర్ల పైనే, సాయంత్రం ట్రాఫిక్‌లో రెండు గంటలు వేసుకోండి. మా టాక్సీ అతను ఊళ్ళోంచి కాకుండా కారుని రో-రో బోటు ఎక్కించి వైపిన్ దీవి మీదుగా తీసుకెళ్ళాడు. బోటు మధ్యలోకొచ్చేసరికి నీళ్ళలో డాల్ఫిన్ వీపు రెండుసార్లు కనపడింది, మా చిన్నాడు మళ్ళీ వస్తుందేమోనని అవతలి ఒడ్డు వచ్చేదాకా రెయిలింగ్ వదల్లేదు.