ఒకే ట్రేలో సాసేజ్, బంగాళాదుంపలు: ఏళ్లుగా వండుతున్నాక నా అభిప్రాయం

అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ, సాయంత్రం స్టవ్ దగ్గర నిలబడే ఓపిక లేనివాళ్లకి సాసేజ్ (మసాలా కలిపి గొట్టంలా కూరిన మాంసం), బంగాళాదుంపలు ఒకే ట్రేలో ఓవెన్‌లో పెట్టడం కంటే తేలికైన భోజనం నాకు దొరకలేదు. దీంట్లో నా ఓటు మాత్రం దుంపలకే. సాసేజ్ నుంచి కారిన కొవ్వులో వేగిన ముక్క అంచులు కరకరలాడతాయి, లోపల మెత్తగా ఉంటుంది. అందుకే సాసేజ్ కూడా దుంపల అవసరం చూసుకునే కొంటాను.

రెండూ ఒకేసారి ట్రేలో పడేయమని చెప్పే పద్ధతి నాకు నచ్చదు. 425 డిగ్రీల ఫారన్‌హీట్‌లో అంగుళం దుంప ముక్కలకి దాదాపు 40 నిమిషాలు పడుతుంది. పొగబెట్టిన కిల్‌బాసా (పోలండ్ తరహా సాసేజ్) ముందే ఉడికి వస్తుంది కాబట్టి రంగు తేలడానికి 20 నిమిషాలు చాలు. మొదటినుంచీ పెడితే ఎండిపోయి తోలులా సాగుతుంది. దుంపలు సగం వేగాక కిల్‌బాసా, ఉల్లిపాయ, క్యాప్సికం వేస్తాను. పచ్చి ఇటాలియన్ సాసేజ్ అయితే ఇంకాస్త ముందే పెట్టాలి. అది ఉడికిందో లేదో రంగు చూసి చెప్పలేం, థర్మామీటర్ గుచ్చాల్సిందే. పంది మాంసమైతే లోపల 160, చికెన్ అయితే 165 డిగ్రీలు రావాలి. చికెన్ సాసేజ్‌లో కొవ్వు తక్కువ, నూనె రెండు చెంచాలు ఎక్కువ పోయకపోతే దుంపలు చప్పగా ఎండుతాయి.

దుంపల్లో యూకాన్ గోల్డ్‌కి సాటి లేదు. రస్సెట్ బాగా కరకరలాడుతుంది కానీ కలిపేటప్పుడు చిదిరిపోతుంది. ముక్కలు కడిగి గుడ్డతో తుడవాలి, ఎడం ఎడంగా పరవాలి. ఇరికిస్తే ఆవిరికి ఉడుకుతాయి తప్ప వేగవు. కోసిన వైపు కిందికి పెట్టి, ముక్క దానంతటదే ట్రేని వదిలేదాకా కదపకూడదు. ఉప్పు సగమే, సాసేజ్‌లో ఎలాగూ ఉంటుంది. కారం మన వేపుడులో లాగే చివర్లో చల్లాలి, ముందే వేస్తే మాడి చేదెక్కుతుంది. మా ఇంట్లో ఆవపిండి సాస్ ఒకరికి, అన్నం పప్పుచారు ఇంకొకరికి. పప్పుచారు పక్షాన నేనున్నాను.

ఇబ్బందులూ ఉన్నాయి. కొవ్వు ఎక్కువుంటే ఓవెన్ పొగలు కక్కి స్మోక్ అలారం మోగుతుంది. ట్రేలో పార్చ్‌మెంట్ కాగితం (ఓవెన్‌లో వాడే, అంటుకోని కాగితం) వేస్తే గిన్నెలు తోమే పని తప్పుతుంది, కరకర కొంచెం తగ్గుతుంది. ఉప్పూ కొవ్వూ చూస్తే రోజూ తినే తిండి కాదు, వారానికోసారి చాలు. మిగిలింది మైక్రోవేవ్‌లో పెడితే దుంపలు మెత్తబడిపోతాయి, ఎయిర్ ఫ్రయ్యరో పెనమో నయం. పొద్దున్నే పెనం మీద వేడిచేసి రెండు గుడ్లు కొట్టి పోస్తే టిఫిన్ కూడా అయిపోతుంది.