రెండు మెష్‌లు, మధ్యలో ఒక టన్నెల్: మూడేళ్ల వాడకం తర్వాత

మా మెష్‌కీ (రౌటర్లు రేడియోతో ఒకదానికొకటి కలిసే నెట్‌వర్క్), కొండ అవతల ఉన్న మిత్రుల మెష్‌కీ మధ్య రేడియో లింకు ఎంతకీ కుదరలేదు. యాంటెన్నా ఎంత ఎత్తులో కట్టినా కొండ అడ్డమే. చివరికి రెండు వైపులా ఉన్న ఇంటర్నెట్ కనెక్షన్ల మీదుగా టన్నెల్ (ఇంటర్నెట్ లోపలి నుంచి రెండు చివర్లనీ కలిపే సొంత దారి లాంటిది) వేసి కలిపాం.

మొదట వాడింది వీటన్ (VTun) అనే టన్నెల్ సాఫ్ట్‌వేర్. పోయిన ప్యాకెట్లను తిరిగి పంపే టీసీపీ మీద నడిపాం. లింకు కాస్త మొరాయిస్తే చాలు, లోపలి టీసీపీ, బయటి టీసీపీ రెండూ పోయిన ప్యాకెట్లనే మళ్లీ మళ్లీ పంపుతూ ఒకదాన్నొకటి లాగేసుకునేవి. నాలుగు నెలలు ఓపిక పట్టి వైర్‌గార్డ్ అనే మరో టన్నెల్ సాఫ్ట్‌వేర్‌కి మారాం. ఇది పోయిన ప్యాకెట్లను తిరిగి పంపని యూడీపీ మీదే నడుస్తుంది, 2020లో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నల్‌లోనే ఉంది. మా పాత చిన్న రౌటర్ల మీద కూడా బాగానే పరిగెత్తింది.

టన్నెల్ లేచింది, పింగ్ వెళ్తోంది, కానీ మెష్‌లో దారులు వెతికే బేబెల్ ప్రోగ్రాంకి అవతలి నోడ్ (రౌటర్) కనబడదు. ఒక సాయంత్రమంతా పోయింది. వైర్‌గార్డ్ ఏ అడ్రసులను అనుమతించాలో చెప్పే అలౌడ్ ఐపీస్ జాబితాలో మామూలు అడ్రసులే రాశాను. బేబెల్ పలకరింపులు లింక్ లోకల్ అడ్రసు (ఆ ఒక్క లింకులోనే చెల్లేది) నుంచి మల్టీకాస్ట్ అడ్రసుకి (ఒక గుంపు మొత్తానికి వినబడేది) వెళ్తాయి. ఆ రెండూ జాబితాలో లేకపోతే వైర్‌గార్డ్ చప్పుడు చేయకుండా పారేస్తుంది. ఇప్పుడు ఒక్కో పొరుగు నోడ్‌కి ఒక్కో ఇంటర్‌ఫేస్ పెట్టి అన్నీ అనుమతిస్తున్నాను, దారులు చూసుకునే పని బేబెల్‌ది.

తర్వాత ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు. చిన్న పేజీలు తెరుచుకునేవి, పెద్ద ఫైలు మాత్రం మధ్యలో బిగుసుకుపోయేది. వైర్‌గార్డ్ మామూలుగా పెట్టే విలువ 1420 బైట్లు. మా అవతలి చివర పీపీపీఓఈ (ఐఎస్‌పీకి లాగిన్ అయ్యే పద్ధతి) కనెక్షన్, అంటే 1492. పైగా టన్నెల్ ఐపీవీ6 మీద వెళ్తోంది కాబట్టి అందులో టన్నెల్ హెడర్లకే 80 బైట్లు పోతే మిగిలేది 1412. రెండు వైపులా 1400 పెట్టాక మళ్లీ ఆ గొడవ రాలేదు.

అసలు టెన్షన్ పెట్టింది కరెంటు పోయి వచ్చిన రోజు. మా రౌటర్‌లో బ్యాటరీ గడియారం లేదు. లేవగానే పాత తేదీ చూపించింది. వైర్‌గార్డ్ చేతులు కలిపేటప్పుడు టైమ్‌స్టాంప్ పంపుతుంది. అది ఇంతకుముందు చూసినదానికంటే పాతదైతే అవతలివాడు పట్టించుకోడు. గడియారం సరిచేసుకోవడానికి నేను పెట్టిన టైమ్ సర్వరేమో టన్నెల్ అవతల ఉంది! తాళం చెవి లోపల పెట్టి తలుపు వేసుకున్నట్టే. ఇప్పుడు టైమ్ నేరుగా ఇంటర్నెట్ నుంచే తెచ్చుకుంటున్నాం.

రెండో ఏడాది కొండ అంచున ఒక నోడ్ పెట్టే వీలు దొరికింది. ఎండలో యాంటెన్నా మోసుకెళ్లి, రెండు హాపుల (అంగల) రేడియో దారి వేశాం. నెల తర్వాత గ్రాఫ్ చూస్తే ఆ దారిలో దాదాపు ట్రాఫిక్కే వెళ్లడం లేదు! బేబెల్ తక్కువ ఖర్చున్న దారినే ఎంచుకుంటుంది; దాని లెక్కలో వైరు లింకు ఖర్చు 96, వైర్‌లెస్ హాపు ఎంత బాగున్నా 256. టన్నెల్‌ని అది వైరు అనుకుంది. కొండ మీదుగా 512 ఖర్చు కంటే దానికి టన్నెలే చవక. టన్నెల్ ఖర్చు 1024కి పెంచాను. ఒక చివరే మార్చి ఊరుకున్నాను మొదట, అప్పుడు రాకపోకల్లో ఒకటే దిక్కు మారింది. రెండు చివర్లా మార్చాలి.

అడ్రసు మారే కనెక్షన్ల సంగతీ చెప్పాలి. వైర్‌గార్డ్ అవతలి చివర పేరుకి ఉన్న అడ్రసును మొదలైనప్పుడు ఒక్కసారే వెతుకుతుంది. రౌటర్ల సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో పేరును మళ్లీ వెతికే వాచ్‌డాగ్ స్క్రిప్టు ఉంది, టైమ్ ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో నిమిషానికోసారి పెట్టుకోండి. ఒక చివర క్యారియర్ నాట్ (ఒకే పబ్లిక్ అడ్రసును ఐఎస్‌పీ చాలామందికి పంచడం) వెనక ఉంటే ఆ వైపు కీప్ అలైవ్ (దారి మూసుకుపోకుండా పంపే చిన్న ప్యాకెట్) 25 సెకన్లకోసారి చాలు. రెండు చివరలూ అలాగే ఉంటే మాత్రం మధ్యలో ఒక అద్దె సర్వర్ తప్పదు.

ఈ ఏర్పాటుకి ఐదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది వైర్‌గార్డ్ మీద కోపంతో కాదు. టన్నెల్ ఉందన్న ధీమాతో కొండ నోడ్ బ్యాటరీ మార్చే పని మూడుసార్లు వాయిదా వేశాం. మొన్న ఇంటర్నెట్ పోయినప్పుడు కొండ నోడ్ కూడా చచ్చే ఉంది.