పెంకుటింటి చూరు నుంచి ఫ్లాటు బాల్కనీ దాకా: ఎనిమిది పండుగ కాలాల సీరియల్ లైట్ల అనుభవం

2017 దీపావళికి హైదరాబాదు ట్రూప్ బజారులో పది మీటర్ల ఎల్ఈడీ సీరియల్ సెట్లు పన్నెండు కొన్నాను. అన్నీ పసుపు ఛాయ ఉన్న వార్మ్ వైట్ రంగువే. అప్పటి నుంచి 2025 సంక్రాంతి వరకు వాటిని, తరువాత వాటికి తోడుగా కొన్న స్ట్రిప్ లైట్లను, రెండు చిన్న ఫోకస్ లైట్లను నాలుగు రకాల ఇళ్ళకు కట్టి చూశాను. అమలాపురం దగ్గర మా మామ్మ ఉండే మండువా లోగిలి, తెనాలిలో మా నాన్నగారు కట్టించిన డాబా, ప్రొద్దుటూరు దగ్గర పల్లెలో మా అత్తవారి మిద్దె, హైదరాబాదులో మేము ఉంటున్న ఫ్లాటు. ఆ పన్నెండు సెట్లలో ఏడు ఇప్పటికీ వెలుగుతున్నాయి. ఒకే సెట్టు ఒక ఇంటికి ఎంతో అందాన్నిచ్చి, మరొక ఇంటికి ఎందుకు నప్పలేదో వివరంగా చెప్పాలని ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదట మండువా లోగిలి సంగతి. నాలుగు వైపుల నుంచి లోపలి వాకిట్లోకి వాలే కప్పు, వీధివైపు పొడవైన అరుగు, అరుగు మీద వరుసగా కర్ర స్తంభాలు, చేయి ఎత్తితే అందేంత కిందికి దిగిన చూరు, ఇదీ ఆ ఇంటి స్వరూపం. పైన బంగాళా పెంకులు. 1865లో మంగళూరులో బాసెల్ మిషన్ వారు మొదలుపెట్టిన కార్ఖానాతో దేశమంతటా వ్యాపించిన పెంకు రకమే మన కోస్తా జిల్లాల్లో ఈ పేరుతో స్థిరపడింది. మొదటి ఏడాది ఉత్సాహం కొద్దీ కప్పు మీద అడ్డంగా నాలుగు వరుసలు, నడికొప్పు పొడవునా ఒక వరుస, ప్రతి స్తంభానికి చుట్లు చుట్టి మొత్తం తొమ్మిది సెట్లు వాడాను. చీకటి పడ్డాక మామ్మ వీధిలోకి వచ్చి చాలాసేపు చూసి, "ఒరే, దీపాలు బాగానే ఉన్నాయి గానీ ఇల్లేదిరా?" అని అడిగింది. ఆమె అన్నది అక్షరాలా నిజం. కప్పు వాలు, స్తంభాల వరుస, అరుగు అన్నీ వెలుగు చుక్కల వెనక్కి పోయి, ఇల్లు కనిపించకుండా పోయింది.

మరుసటి ఏడాది మూడు సెట్లతోనే సరిపెట్టాను. చూరు చివర ఉండే చెక్కపట్టీకి లోపలి వైపున, వాసాల కొసల వెంబడి ఒకే ఒక వరుస కట్టాను. బల్బులు వీధిలోకి కనపడవు, వాటి వెలుగు మాత్రం గోడ మీదకు, స్తంభాల మీదకు, అరుగు మీద వేసిన ముగ్గు మీదకు దిగుతుంది. గుమ్మానికి రెండు పక్కలా ఉన్న దీపపు గూళ్ళలో మట్టి ప్రమిదలే ఉంచి, విద్యుద్దీపాన్ని అక్కడికి రానివ్వలేదు. మూడో సెట్టును లోపలి వాకిలి చుట్టూ ఉన్న చూరుకు కట్టాను. వీధి తలుపు తీసి ఉంచితే, ద్వారబంధం నడుమ నుంచి దూరంగా ఆ వెలుగు కనిపిస్తుంది, దాని కింద తులసికోట ముందు చిన్న దీపం కనిపిస్తుంది. ఎనిమిదేళ్ళలో నేను చేసిన అలంకరణలన్నింటిలో నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఇదే. తక్కిన ఇళ్ళకు కట్టేటప్పుడు కూడా నా మనసులో ఆ చూరే ఉంటుంది.

ఈ ఇంటికి రంగు ఎంపిక చాలా ముఖ్యం. వెలుగు ఛాయను కెల్విన్‌లలో చెబుతారు, అంకె పెరిగే కొద్దీ వెలుగు పసుపు నుంచి నీలి తెలుపుకు మారుతుంది. 2019లో సెట్లు చాలక 6500 కెల్విన్ ఉన్న తెల్లని సెట్టు ఒకటి కలిపాను. దాని నీలి వెలుగును ఎర్రమన్ను తిప్పి ఇవ్వదు కనుక అది పడినంత మేర పెంకులు బూడిద రంగులో, కర్ర స్తంభాలు నిర్జీవంగా కనిపించాయి. 2700 నుంచి 3000 కెల్విన్ వరకు ఉన్నవైతే పెంకు ఎరుపును, టేకు గోధుమ రంగును ఉన్నవి ఉన్నట్టు చూపిస్తాయి. ప్రమిద వెలుగు పక్కన కూడా ఎబ్బెట్టుగా అనిపించవు. డబ్బా మీద ఈ అంకె లేని సెట్టును పెంకుటింటికి కొనవద్దని నా సలహా.

కట్టే పద్ధతిలో రెండు పొరపాట్లు చేశాను. మొదటి ఏడాది కప్పు ఎక్కి నడవడం వల్ల ఏడు పెంకులు పగిలాయి, ఆ సంగతి మరుసటి వానాకాలంలో వంటింట్లో నీళ్ళు కారేదాకా తెలియలేదు. అప్పటి నుంచి నిచ్చెన మీదే తప్ప కప్పు మీద కాలు పెట్టలేదు. రెండవది, టెక్సాస్‌లో ఉంటున్న మా అన్నయ్య అక్కడ క్రిస్మస్ దీపాలకు వాడే ప్లాస్టిక్ క్లిప్పులు వంద తెచ్చి ఇచ్చాడు. అవి కప్పు అంచున బిగించే వానగొట్టాల పెదవికి, అక్కడి పలుచని కప్పు రేకులకు చక్కగా అమరుతాయట. మన పెంకు అంచు మందంగా, వంపుగా ఉంటుంది కనుక ఒక్కటీ నిలవలేదు. చివరకు బైండింగ్ వైరు ముక్కలను కొక్కేలుగా వంచి వాసాలకు తగిలించాను. అవి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, ప్రతి ఏడాది దీపాల తీగను వాటిలో పెట్టి తీయడమే పని.

మన్నిక విషయంలో కోనసీమ గాలి కఠినమైనది. పాడైన అయిదు సెట్లలో నాలుగు ఇక్కడివే. విప్పి చూస్తే బల్బులు బాగానే ఉన్నాయి, తీగ బల్బును కలిసే చోట రాగి మీద పచ్చని చిలుము పట్టి ఉంది. ధనుర్మాసపు మంచు, సముద్రపు ఉప్పు కలిసి ఆ పని చేస్తాయని నా అంచనా. ఎల్ఈడీ సెట్లలో కూడా బల్బులు కొన్ని కొన్ని చొప్పున వరుసగా కలిపి ఉంటాయి కనుక, ఒక అతుకు తెగితే ఆ భాగమంతా ఆరిపోతుంది. అందుకే ఇప్పుడు భోగికి ముందు రోజు కట్టి, ముక్కనుమ మరునాడు విప్పేస్తున్నాను. నెలల తరబడి ఉంచడం లేదు.

తెనాలి డాబాకు చూరు లేదు. దాని అందమంతా అడ్డగీతల్లో ఉంది. సన్‌షేడ్ల అంచులు, పోర్టికో శ్లాబు, పైన సిమెంటు జాలీ బిళ్ళలతో కట్టిన పిట్టగోడ. చాలామంది పిట్టగోడ మీద నుంచి గోడంతా కప్పేలా తీగలను జలపాతంలా వేలాడదీస్తారు. నేనూ ఒక ఏడాది అలాగే చేశాను. కిటికీలు, జాలీ కనపడకుండా పోయాయి. తరువాత పిట్టగోడ లోపలి వైపున, అడుగు ఎత్తులో స్ట్రిప్ లైటు అంటించాను. వెలుగు జాలీ రంధ్రాల గుండా వీధిలోకి వచ్చి, వెన్నెల రంగు పూల వరుసలా కనిపిస్తుంది. పోర్టికో అంచుకు ఒక్క సీరియల్ వరుస చాలు. పన్నెండు వోల్టుల స్ట్రిప్‌ను పద్నాలుగు మీటర్లు ఒకే చివర నుంచి నడిపితే అవతలి కొస మసకబారుతుంది. అయిదేసి మీటర్ల ముక్కలు చేసి ఒక్కొక్కదానికి విడిగా కరెంటు ఇచ్చిన తరువాతే వెలుగు సమానంగా వచ్చింది.

2023లో దీపావళికి కట్టిన దీపాలను కార్తీకమాసమంతా ఉంచుదామని అలాగే వదిలేశాము. డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ ముందు రాత్రి వానలో ఇంట్లో కరెంటు ఒక్కసారిగా పోయింది. చూస్తే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరాను వెంటనే ఆపేసే స్విచ్చు, పడిపోయి ఉంది. స్ట్రిప్ లైటు డబ్బా మీద ఐపీ65 అని ముద్రించి ఉంది, నీళ్ళ ధాటికి తట్టుకుంటుందని దాని అర్థం. కానీ ఆ మాట స్ట్రిప్‌కే వర్తిస్తుంది, దానితో ఇచ్చిన అడాప్టరుకు వర్తించదు. అమ్మిన దుకాణంలో ఎవరూ ఈ తేడా చెప్పలేదు, పెట్టె మీదా లేదు. తడిసిన అడాప్టరు నుంచి కరెంటు లీకైంది. ఆర్‌సీసీబీ లేకపోతే తడి ఇనుప గేటును ముట్టుకున్నవారికి ఏమయ్యేదోనని ఇప్పటికీ భయం వేస్తుంది. అడాప్టర్లను, ఎక్స్‌టెన్షన్ బాక్సును ఇంటి లోపలే పెట్టి, బయటికి తీగ మాత్రమే పంపండి.

మిద్దె విషయంలో మొదట పూర్తిగా పొరబడ్డాను. రాయి, మట్టి కలిపి కట్టిన మందపాటి గోడలు, చిన్న కిటికీలు, చదునైన కప్పు, ముందు కడప బండలు పరిచిన వాకిలి. ఈ ఇంటి అందం గీతల్లో లేదు, గోడ గరుకుతనంలో ఉంది. సీరియల్ సెట్టును అంటించే క్లిప్పులతో గోడకు పెడితే, సున్నం పొరతో సహా తెల్లారేసరికి ఊడి కింద పడ్డాయి. మేకులు కొట్టడానికి మా మామగారు ఒప్పుకోలేదు, అది సరైన మాటే. ఆఖరికి రెండు చిన్న ఫోకస్ లైట్లను గోడకు జానెడు దూరంలో నేల మీద పెట్టి పైకి తిప్పాను. వెలుగు గోడను రాసుకుంటూ పైకి పోతుంటే ప్రతి రాతి అంచుకు నీడ ఏర్పడి, పగలు ఎవరూ గమనించని రాతి కట్టుబడి బయటపడింది. గుమ్మానికి మామిడి తోరణం, బంతిపూల దండలు, వాకిట్లో ముగ్గు ఉంటే అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ఫ్లాటుకు బాల్కనీ కటకటాల పైకడ్డీ వెంట ఒక్క వరుస సరిపోతుంది. కర్టెన్ లైట్లు పెట్టదలిస్తే గాజు తలుపుకు లోపలి వైపునే వేలాడదీయండి. గాలికి చిక్కుపడవు, వానకు తడవవు.

మిణుకుమిణుకుమనే పద్ధతి గురించి ఒక మాట. ఈ సెట్లకు ఎనిమిది రకాల కదలికలున్న చిన్న కంట్రోలరు వస్తుంది. నేను స్థిరంగా వెలిగే పద్ధతినే వాడతాను, ఎందుకంటే వెలుగు పరుగెత్తితే కన్ను దాని వెంట పోతుంది, ఇంటి మీద నిలవదు. అయితే కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ కంట్రోలరు మళ్ళీ మొదటి పద్ధతికి వెళ్ళి మిణుకుమంటుంది. పల్లెలో రోజూ మూడు నాలుగుసార్లు నిచ్చెన ఎక్కవలసి వచ్చింది. కొత్తగా కొనేవారు కంట్రోలరుకు మెమరీ ఉన్నదా, అంటే చివర పెట్టిన పద్ధతిని గుర్తుంచుకుంటుందా అని దుకాణంలోనే ప్లగ్గు తీసి పెట్టి చూసుకోవాలి. ఖర్చు మాత్రం స్వల్పమే. సెట్టుకు ఆరు వాట్ల చొప్పున మూడు సెట్లు రోజుకు ఆరు గంటలు వెలిగితే, నెలకు మూడు యూనిట్ల పైచిలుకు మాత్రమే.

మామ్మ ఇంటి ఎదురుగా ఉండే క్రైస్తవ కుటుంబం డిసెంబరు మొదటి వారంలోనే పొడవైన వెదురుకు కాగితపు నక్షత్రం కట్టి కప్పు మీదుగా ఎత్తుతారు. వారి పెంకుటింటికి వేరే దీపమేదీ ఉండదు. చీకటి కప్పు, దాని మీద ఒకే నక్షత్రం. మా ఇంటి చూరు కింద ఒక్క వరుస, వారింటి పైన ఒక్క నక్షత్రం వెలుగుతుంటే వీధి మొత్తం ఎంత నిండుగా ఉంటుందో నాకు ప్రతి ఏడాది కొత్తగా తెలుస్తుంది. మొన్న సంక్రాంతికి సెట్లు విప్పుతున్నప్పుడు మామ్మ చూరు కిందిది మాత్రం ఇంకొక్క రాత్రి ఉంచమంది. ఉంచాను.