పది వేలిముద్రలకు 4,800 రూపాయలు: పర్లాకిమిడి, గుణుపురం తల్లిదండ్రులకు హెచ్చరిక

పదో తరగతి పరీక్షలు అయిపోగానే ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఒక కల్యాణ మండపంలో శిబిరం పెట్టారు. ‘మీ బిడ్డ స్వభావం, తెలివి వేలిముద్రల్లోనే ఉన్నాయి’ అని ఒక వైపు తెలుగులో, మరో వైపు ఒడియాలో కరపత్రం పంచారు. అమ్మాయిని ప్లస్ టూలో సైన్సులో చేర్చాలా, కామర్సులో చేర్చాలా అని మా ఇంట్లో అప్పటికి రెండు నెలలుగా తగువు. ఆయనది ఒక మాట, నాది ఒక మాట, పిల్ల ఏ మాటా చెప్పదు. తీర్పు చెప్పే మూడో మనిషి దొరికాడనుకుని 4,800 రూపాయలు కట్టాను. రసీదు అడిగితే “నివేదికే రసీదు, మేడమ్” అన్నాడు. అక్కడే లేచి రావలసింది.

పిల్ల పది వేళ్ళనూ యంత్రం మీద పెట్టించారు. ఒక్క ప్రశ్న అడగలేదు. “వేలిముద్రలు తల్లి కడుపులోనే ఏర్పడతాయి, చనిపోయేదాకా మారవు. అందుకే మా ఫలితమూ మారదు” అన్నాడు. మొదటి వాక్యం నిజమే కాబట్టి రెండోదీ నమ్మేశాను.

వారం తర్వాత 42 పేజీల రంగుల నివేదిక వచ్చింది, అంతా ఇంగ్లీషులోనే. వాళ్ళ లెక్కలో మనుషులు నాలుగు పక్షులు: గద్ద, నెమలి, పావురం, గుడ్లగూబ. మా అమ్మాయి గుడ్లగూబ అట. లోతుగా ఆలోచిస్తుంది, ఒంటరిగా పనిచేస్తుంది, సైన్సు తగినది అని రాశారు. ఆయన గెలిచారు. అయితే ఇంటిపేరు తప్పు పడింది. సరిచేయమంటే పాత ఫైలు పోయిందని మళ్ళీ ముద్రలు తీసుకున్నారు. మూడు వారాలకు రెండో నివేదిక చేతికొచ్చింది. ఈసారి నెమలి! నలుగురిలో మెరుస్తుంది, మాటతో ఒప్పిస్తుంది, వ్యాపారం వైపు పంపండి అని ఉంది. వేళ్ళు అవే, పక్షి మారింది. ఇదేమిటని అడిగితే “యంత్రం సున్నితమైనది” అని, మరో 12,000 కడితే ఆరు నెలలు మార్గదర్శనం చేస్తామని చెప్పారు.

మా ఆడపడుచు కూతురు విశాఖలో మనస్తత్వశాస్త్రం చదువుతోంది. రెండు నివేదికలనూ ఆమె ముందు పెట్టాను. మొదట నవ్వింది, తర్వాత కోప్పడింది. “అత్తయ్యా, వేళ్ళ మీద, అరచేతిలో ఉండే చర్మపు గీతలను పరిశీలించే శాస్త్రం ఒకటి ఉన్న మాట నిజమే. డెర్మటోగ్లిఫిక్స్ అంటారు, డౌన్ సిండ్రోమ్ వంటి పుట్టుకతో వచ్చే కొన్ని పరిస్థితులను గమనించడానికి వాడారు. దాన్ని పట్టుకుని ఏ కోర్సు చేయాలో చెప్పడం మాత్రం వీళ్ళ సొంత కవిత్వం” అంది. మానసిక వైద్యుల సంఘమైన ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ కూడా ఈ వేలిముద్రల పరీక్షకు శాస్త్రీయ ఆధారం లేదని ప్రకటించిందట.

అసలు స్వభావాన్ని ఎలా కొలుస్తారని అడిగాను. నాకు ఆసక్తి పుట్టింది అక్కడే. 1936లో ఆల్‌పోర్ట్, ఆడ్‌బర్ట్ అనే ఇద్దరు అమెరికన్లు ఇంగ్లీషు నిఘంటువు ముందేసుకుని, మనిషి తీరును చెప్పే మాటలను దాదాపు 18,000 ఏరారట. మనుషుల మధ్య ఉండే ముఖ్యమైన తేడాలకు భాష ఎప్పుడో పేరు పెట్టి ఉంటుందన్నది వారి నమ్మకం. మన దగ్గర మాత్రం తక్కువా? పిసినారి, మొండిఘటం, బిడియస్తురాలు, చాదస్తుడు, వాగుడుకాయ. (సవర గిరిజనుల మాటలకు నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిలో ఉండి ఈ సంగతి ఇంత ఆలస్యంగా తెలిసింది నాకు.) ఆ తర్వాత వచ్చినవారు ఆ మాటలను గుదిగుచ్చి చూస్తే చివరికి అయిదు పెద్ద గుణాలు తేలాయి: కొత్తదనం పట్ల మొగ్గు, పనిలో క్రమం, నలుగురిలో చొరవ, ఎదుటివారితో మెత్తదనం, ఆందోళన పడే తీరు.

ఇక్కడ పక్షులు లేవు. ప్రతి గుణం ఒక కొలబద్ద. ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు, చివరల్లో కొద్దిమందే. మన పిల్ల మార్కు ఎక్కువా తక్కువా అన్నది ఎవరితో పోల్చారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లను ఇంగ్లీషు ప్రశ్నలతో కొలిచి ఏ ఊరి పిల్లలతోనో పోలిస్తే ఆ అంకెకు విలువ ఏముంది? ఒక్క సందర్భంలో మనిషి ఏం చేస్తాడో గుణాన్ని బట్టి చెప్పడం కష్టమని వాల్టర్ మిషెల్ అనే మనస్తత్వవేత్త 1968లోనే వాదించాడు. అయితే చాలా రోజుల నడవడిని కలిపి చూస్తే గుణం బాగానే కనబడుతుందని ఎప్‌స్టైన్ అనే మరో మనస్తత్వవేత్త 1979లో చూపించాడు. మా అమ్మాయి బడిలో మౌనం, ఇంట్లో వసపిట్ట. ఏ ఒక్క రోజు చూసి ముద్ర వేసినా తప్పే.

మరి మొదటి నివేదిక చదివి “అచ్చం మన పిల్లే!” అని నేను ఎందుకు మురిశాను? దానికీ మా మేనకోడలి దగ్గర జవాబు ఉంది. 1948లో ఫోరర్ అనే ఆచార్యుడు తన 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు. ఎవరికి వారు అది తమ గురించే అనుకుని సగటున అయిదుకు 4.26 మార్కులు వేశారు. ఆ వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోనివి. మన సంతలో చిలక జోస్యం చెప్పేవాడు ఒక్క పక్షితో, నాలుగు రూపాయలకే ఆ పని కానిచ్చేస్తాడు.

ఒకవేళ మీరు డబ్బు కట్టే ఆలోచనలో ఉంటే, రెండోసారి చేస్తే ఇదే ఫలితం వస్తుందా, ఎవరితో పోల్చారు, ఏ భాషలో తయారైంది అని అడగండి. నీళ్ళు నమిలితే బయటికి రండి. గుణాలను కొలిచే ప్రశ్నలు కావాలంటే లూయిస్ గోల్డ్‌బర్గ్ అనే మనస్తత్వవేత్త మొదలుపెట్టిన ఇంటర్నేషనల్ పర్సనాలిటీ ఐటమ్ పూల్ అనే ప్రశ్నల భాండారంలో 3,000కు పైగా ఉచితంగానే ఉన్నాయి. వాటితో కూడా కోర్సు తేల్చేయలేమని మా మేనకోడలి మాట.

డబ్బు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి. మైనరు పిల్ల పది వేలిముద్రలు రెండుసార్లు వాళ్ళ కంప్యూటర్‌లోకి వెళ్ళాయి. తొలగించమంటే సమాధానం లేదు. ఇప్పటికే ఇచ్చినవారు ఆధార్‌లో బయోమెట్రిక్ తాళం వేసుకోండి. మేము వేశాం. డబ్బు విషయమై వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. రసీదు లేకపోయినా, ఫోను ద్వారా డబ్బు పంపిన ఆధారం ఉంది. నగదు ఇచ్చి ఉంటే అదీ ఉండేది కాదు.

వచ్చే నెల గుణుపురంలో, ఆ తర్వాత పాతపట్నంలో శిబిరాలని కొత్త కరపత్రంలో ఉంది. రెండు నివేదికలూ మా కొట్లోనే ఉంచాను. డబ్బు కట్టే ముందు ఎవరైనా వచ్చి గుడ్లగూబను, నెమలిని పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.