ఆర్చర్లకు మానసిక శిక్షణ: ఏళ్లు వాడాక ఏది నిలిచింది?

నేను రికర్వ్ (కొసలు ముందుకు వంగిన విల్లు) వేస్తాను. మనసును అదుపులో పెట్టుకునే శిక్షణ అంటే కళ్లు మూసుకుని కూర్చోవడమే అనుకుంటారు చాలామంది. మా కోచ్ నేర్పినదాంట్లో కూర్చునేది తక్కువ, విల్లు పట్టుకుని చేసేదే ఎక్కువ. చాలా ఏళ్లుగా చేస్తున్నాను కాబట్టి ఏది పనిచేసిందో చెప్పగలను.

మా బాధంతా క్లిక్కర్‌తోనే. బాణం మొన తన కిందనుంచి జారగానే ‘టక్’మనే సన్నటి రేకు అది. ఆ చప్పుడుకే వదలాలి. టెన్షన్ పట్టుకుంటే చప్పుడు రాకముందే వేళ్లు వదిలేస్తాయి, లేదంటే ఇంకో రెండు మిల్లీమీటర్లు లాగాల్సిన చోట చెయ్యి బిగుసుకుపోతుంది. టార్గెట్ పానిక్ అంటారు దీన్ని.

దానికి మొదటి మందు ఖాళీ బట్, అంటే బాణాలు గుచ్చుకునే దిమ్మె. టార్గెట్ కాగితం తీసేసి, మూడు మీటర్ల దూరంలో నిలబడి, గురి సంగతే మరిచిపోయి వేయడం. మహా విసుగు. స్కోరు లేకుండా బాణాలు వేయమంటే ఏ ఆర్చర్‌కైనా ప్రాణం ఒప్పదు. కానీ క్లిక్కర్ భయం వదిలింది అక్కడే.

అన్నిటికంటే ఎక్కువ పాయింట్లు కాపాడింది మాత్రం ‘దించడం’, అంటే లాగిన నారిని బాణం వదలకుండా మెల్లగా మళ్లీ మొదటి చోటికి తేవడం. పూర్తిగా లాగి, యాంకర్ (లాగిన చెయ్యి దవడ కింద ఆనే చోటు) కుదిరి, గురి పసుపులో ఉన్నా సరే, కోచ్ దించమంటే దించాలి. వినడానికి ఇందులో ఏముంది అనిపిస్తుంది. మ్యాచ్‌లో బాణానికి 20 సెకన్లే ఇస్తారు. ఏదో తేడాగా ఉందని తెలిసినా, ఎలాగోలా వదిలేద్దామని చెయ్యి తొందరపెడుతుంది. గడియారంలో ఇంకా 10 సెకన్లు ఉండగా దించితేనే మళ్లీ లాగే వీలుంటుంది. అందుకే దీన్ని గడియారం పెట్టుకునే సాధన చేయాలి.

ఊపిరి సాధన ఫర్వాలేదు. పీల్చినదానికంటే ఎక్కువసేపు వదిలితే భుజాలు సడలుతాయి కానీ గుండె దడ పూర్తిగా పోదు. టోక్యో ఒలింపిక్స్‌లో ఆర్చర్ల గుండె వేగాన్ని టీవీలో చూపిస్తే కొందరిది నిమిషానికి 160 దాటింది. వాళ్లకే తప్పనప్పుడు మనమెంత! దడ ఉండగానే వేయడం నేర్చుకోవాలి. కొరియా జట్టు ఇందుకోసమే బేస్‌బాల్ స్టేడియంలో జనం గోల మధ్య సాధన చేసిన సందర్భాలున్నాయి. మాకు అంత భాగ్యం లేదు. “ఇది ఎనిమిదిలో పడితే అందరికీ టీ నీదే” అని వెనకనుంచి తోటివాళ్లు అరవడమే. టీ పందానికే చెయ్యి వణుకుతుంది, నమ్మండి.

నాకు అచ్చిరానిది ఊహించుకోవడం. పది కొట్టినట్టు ఊహించుకోమంటే ఊహలోనూ నా బాణం ఏడులోకే పోయేది. టార్గెట్ వదిలేసి, దవడ కింద చెయ్యి ఆనడం, వీపు బిగియడం ఊహించుకోమన్నాక కాస్త నయం. ఇప్పుడు లాగేటప్పుడు మనసులో ఒకే మాట అనుకుంటాను: ‘వీపు’.

ఇంకో మాట. నాకింగ్ పాయింట్ (నారి మీద బాణం తగిలించే చోటు) జరిగినా, గాలి మారినా ఈ శిక్షణ ఏమీ చేయలేదు. ముందు విల్లు చూసుకోండి.

జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చాక కాంపౌండ్ (కొసలకు చక్రాలున్న విల్లు) వేసే పిల్లలు కూడా వీటి గురించి అడుగుతున్నారు. వాళ్లకు పానిక్ వస్తే నారిని వదిలే ట్రిగ్గర్‌ను గబుక్కున నొక్కేస్తారు. ఖాళీ బట్, దించడం వాళ్లకూ పనికొస్తాయి. కాకపోతే కాంపౌండ్‌ను దించేటప్పుడు బరువు ఒక్కసారిగా ముందుకు గుంజుతుంది. లాగే బరువు తక్కువ పౌండ్లకు పెట్టుకుని, కోచ్ పక్కనుండగా మొదలుపెట్టండి. ట్రిగ్గర్ మీంచి వేలు తీశాకే దించండి.