పెట్టుడు కాలితో 22 ఏళ్ళు: పుణె కాలు, పొలం కాలు, లైనర్ కాలు

2002లో, సైన్యాన్ని పాకిస్తాన్ సరిహద్దుకు తరలించిన ఆపరేషన్ పరాక్రమ్ రోజుల్లో, రాజస్థాన్ సరిహద్దులో మైను పేలి నా ఎడమ కాలు మోకాలి కింద పోయింది. మాది ఆమదాలవలస పక్కన పల్లె, ఎకరంన్నర వరి సాగు. ఈ 22 ఏళ్ళలో మూడు రకాల కాళ్ళు వాడాను. సర్వీసులో కాలు పోగొట్టుకున్న మా జిల్లా కుర్రాళ్ళు ఫోన్ చేసి "మావా, ఏ కాలు బాగుంటాది?" అని అడుగుతుంటారు. వాళ్ళు అడిగేది పాదం గురించి, నేను చెప్పేది సాకెట్ గురించి. స్టంప్, అంటే తీసేయగా మిగిలిన మొండి కాలు, కూర్చునే ఆ గిన్నె సరిగా లేకపోతే కింద ఎంత ఖరీదైన పాదం బిగించినా పది అడుగులు వెయ్యలేం.

మొదటి కాలు పుణె ఆర్టిఫీషియల్ లింబ్ సెంటర్‌ది. 1944 నుంచి సైనికులకు కాళ్ళూ చేతులూ చేస్తున్న చోటు అది. ఫౌజీలందరం ఏఎల్‌సీ అంటాం. అచ్చు తీసిన రోజు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. టెక్నీషియన్ నా మోకాలి చిప్ప కింద, బయటి వైపు పొడుచుకొచ్చే చిన్న ఎముక మీద పెన్సిల్‌తో నీలం గుర్తులు పెట్టాడు. ఆ పైన ప్లాస్టర్ పట్టీ చుట్టి, అది గట్టిపడేదాకా చిప్ప కింద రెండు బొటనవేళ్ళతో నొక్కి పట్టుకున్నాడు. పట్టీ ఊడదీసేసరికి నీలం గీతలు దాని లోపలి వైపు దిగి ఉన్నాయి. ఎక్కడ బరువు మొయ్యాలి, ఎక్కడ ఎముకకు సందు వదలాలి అన్నది ఆ గీతల్ని చూసే తేలుస్తారట. తర్వాత రెండు కడ్డీల మధ్య నడిపించడం, ఎల్-కీతో కాలి స్క్రూలు కాస్త తిప్పడం, మళ్ళీ నడిపించడం. విసుక్కోలేదు ఆ మనిషి. అంత బాగా కుదిరిన సాకెట్ నాకు మళ్ళీ దొరకలేదు.

దాని పాదం మాత్రం బూటు వేసుకునే మనిషి కోసం చేసినది. శాచ్ పాదం అంటారు. చీలమండ కదలదు, మడమలో మెత్తటి దిమ్మ ఉంటుంది. బూటు మడమ ఎత్తును లెక్కలో పెట్టుకుని కాలు నిలబెడతారు. అరసవల్లి గుడికి వెళ్ళి చెప్పులు విడిచాను, మనిషిని వెనక్కి తోసినట్టయింది. అమ్మ భుజం పట్టుకుని ప్రదక్షిణ చేశాను. చెప్పులు మార్చేటప్పుడు మడమ ఎత్తు చూసుకోమని అప్పట్నుంచి అందరికీ చెబుతున్నాను.

పొలానికి జైపూర్ పాదం తీసుకున్నాను. 1968లో రామచంద్ర శర్మ, డాక్టర్ పి.కె. సేథి చేసిన ఆ రబ్బరు పాదం మన బతుకు తెలిసి చేసినది. దానితో గొంతుక్కూర్చోవచ్చు, బంతిలో కింద కూర్చుని భోంచెయ్యవచ్చు, ఉత్తి పాదంతో గట్టు మీద నడవవచ్చు. ఊడుపుల రోజుల్లో బురదలో దిగి పైకొచ్చి బోరు కింద కడిగేసుకునేవాణ్ణి. బరువెక్కువ, వాడగా వాడగా రబ్బరు పగులుతుంది. అయినా రైతుకి ఇదే నా మాట.

ఇప్పుడు వాడుతున్నది సిలికాన్ లైనర్, పిన్ లాక్ ఉన్న కాలు. లైనర్ అంటే స్టంప్‌కు వేసుకునే మెత్తటి తొడుగు, దాని చివరున్న పిన్ను సాకెట్ అడుగున లాక్‌లో పడుతుంది. తొడిగితే పిన్ను టిక్ టిక్‌మని దిగుతుంది, ఊడిపోతుందన్న భయం ఉండదు. కానీ మన కోస్తా ఉక్కపోతకు లైనర్ లోపల చెమట చెరువవుతుంది. ఎండాకాలం మధ్యాహ్నానికి ఒకసారి విప్పి, తుడుచుకుని మళ్ళీ తొడగాల్సిందే. రోజూ రాత్రి కడిగి ఆరబెట్టాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి కరెంటు పోయిన రోజుల్లో సరిగా ఆరని లైనరే తొడుక్కుని తిరిగితే స్టంప్ నిండా చెమటకాయలు లేచాయి.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. స్టంప్ ఏళ్ళు గడిచేకొద్దీ చిక్కుతుంది, సాకెట్ వదులవుతుంది. ఒక ప్రైవేటు సెంటర్‌లో కొత్త సాకెట్ చేయించాను. ముందు పారదర్శకంగా ఉండే ట్రయల్ సాకెట్ వేసి, ఒత్తిడికి చర్మం ఎక్కడ తెల్లబడుతోందో చూడాలి. వాళ్ళు ఆ పని చెయ్యకుండా చేతికిచ్చేశారు. వారానికి ఆ చిన్న ఎముక మీద పుండు పడింది. రెండు నెలలు చంక కర్రలే. ఆ ఏడు ఊడుపులు మా ఆవిడే చూసుకుంది. అందుకే కాలు చేసే మనిషికి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ ఉందా, ట్రయల్ సాకెట్ వేస్తారా అని ముందే అడగండి. మొహమాటపడొద్దు.

2003 ఏప్రిల్‌లో మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ వచ్చాక మాజీ సైనికుడికి దారి ఏర్పడింది: పాలీక్లినిక్‌లో రిఫరల్, అక్కణ్ణుంచి విశాఖలో నౌకాదళ ఆసుపత్రి ఐఎన్‌హెచ్ఎస్ కల్యాణి. ఆ పథకం లేకపోతే నా సంగతేమయ్యేదో. నా బాధల్లా దూరమే. ఒక్క స్క్రూ సర్దాలన్నా మా ఊరి నుంచి రోజు పోతుంది. పుణె అయితే కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో రోజు దాటే ప్రయాణం. అరిగిన మోకాలితో అది చిన్న విషయం కాదు. నా మంచి కాలు ఎడమ కాలి బరువు కూడా మోసి మోసి ఇప్పుడు బ్రేసు కట్టుకుంటోంది. జిల్లా కేంద్రంలో నెలకొకసారైనా ఒక ప్రోస్థటిస్టు (పెట్టుడు కాళ్ళు చేసి సర్దే నిపుణుడు) కూర్చుంటే సగం పుండ్లు పడవు.

మనవాళ్ళకు అంతగా తెలియని చోటు ఒకటుంది. కటక్ దగ్గర ఒలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వ పునరావాస సంస్థ ఉంది. శ్రీకాకుళానికి పుణె కంటే ఎంతో దగ్గర. విజయనగరం వైపు వాళ్ళకు కొత్తవలస దగ్గర మంగళపాలెంలో గురుదేవా ట్రస్టు ఉచితంగా కాళ్ళు ఇస్తోంది.

వదులు నింపడానికి నా సాకెట్‌లో ఇప్పుడు సాయంత్రానికి స్టంప్ మీద మూడు సాక్సులు పడుతున్నాయి, అంటే కొత్త అచ్చుకి వేళయింది. కోతలయ్యాక ఒలట్‌పూర్ వెళ్దామని శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రెండు టికెట్లు తీశాను. రెండోది పక్క ఊరి నాయక్‌ది. అతని పెట్టుడు కాలు నొప్పి పుట్టిస్తోందని రెండేళ్ళుగా అటక మీదే ఉంది. దించి, తుడిచి, సంచిలో పెట్టుకు రమ్మన్నాను.